50 వేల టింకరింగ్ ల్యాబులు వస్తే కిట్ ఎంతమంది పిల్లల చేతికి అందుతుంది?

రానున్న ఐదేళ్లలో ప్రభుత్వ పాఠశాలల్లో 50 వేల అటల్ టింకరింగ్ ల్యాబులు, అంటే పిల్లలు రోబోటిక్స్, ఎలక్ట్రానిక్స్ కిట్లతో తమ చేత్తో వస్తువులు తయారుచేసి నేర్చుకునే గదులు, నెలకొల్పుతామని 2025 ఫిబ్రవరిలో ప్రవేశపెట్టిన కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించారు. 2016లో నీతి ఆయోగ్ ఆధ్వర్యంలో అటల్ ఇన్నోవేషన్ మిషన్ మొదలైనప్పటి నుంచి అప్పటిదాకా ఏర్పడిన ల్యాబులు సుమారు 10 వేలు. పాఠశాలల వివరాలు సేకరించే కేంద్ర విద్యాశాఖ ‘యూడైస్’ 2023-24 లెక్కల ప్రకారం దేశంలో దాదాపు 14.7 లక్షల పాఠశాలలు, 24.8 కోట్ల మంది పిల్లలు ఉన్నారు. ఈ ల్యాబులు ఆరు నుంచి పన్నెండో తరగతి వరకు చదివేవారి కోసం కాబట్టి ప్రాథమిక పాఠశాలలను ఈ లెక్కలోంచి తీసేయాలి. తీసేసినా, తన చేత్తో వైర్లు కలిపి, ప్రోగ్రాం రాసి, ఒక చిన్న బండిని నడిపించిన పిల్లలు మన దేశంలో చాలా కొద్దిమందేనన్న మాట మారదు. ఆ అవకాశం మరింత మందికి దక్కాలని కోరుకునేవారందరూ ఈ ప్రకటనను స్వాగతించాల్సిందే. అయితే ల్యాబుల సంఖ్య పెరిగితే పిల్లల సంఖ్య దానంతటదే పెరుగుతుందా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు వెతకాలంటే ల్యాబు తలుపు తీసి లోపల ఏం జరుగుతున్నదో చూడాలి.

ఈ పథకం కింద ఎంపికైన పాఠశాలకు గరిష్ఠంగా 20 లక్షల రూపాయల గ్రాంటు వస్తుంది. అందులో 10 లక్షలు ల్యాబు ఏర్పాటుకు, మిగతా 10 లక్షలు ఐదేళ్ల నిర్వహణకు. మైదాన ప్రాంతాల్లో 1,500 చదరపు అడుగులు, కొండ ప్రాంతాల్లో 1,000 చదరపు అడుగుల స్థలం పాఠశాల చూపించాలి. ఎలక్ట్రానిక్స్, రోబోటిక్స్, సెన్సార్ల సామగ్రి, త్రీడీ ప్రింటర్, కొలత పరికరాలు, చేతి పనిముట్లు, విద్యుత్ సరఫరాకూ భద్రతకూ కావలసిన వస్తువులు వస్తాయి. ఇప్పటికే కోటి మందికి పైగా విద్యార్థులు ఈ ల్యాబుల్లో పాలుపంచుకున్నారన్నది అధికారిక లెక్క. పది వేల ల్యాబులకు కోటి మంది అంటే ఒక్కో ల్యాబుకు సగటున వెయ్యి మంది. ఒక్కసారి వచ్చి త్రీడీ ప్రింటర్ చూసి వెళ్లిన పిల్లవాడూ, రెండేళ్లపాటు వారం వారం అక్కడ పనిచేసిన అమ్మాయీ ఈ లెక్కలో ఒకటే. చిక్కు ఇక్కడే మొదలవుతుంది.

ఒక ఉదాహరణ తీసుకుందాం. ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో ఆరు నుంచి పది వరకు 600 మంది పిల్లలున్నారనీ, ల్యాబులో ఒక విడతకు 30 మంది కూర్చోగలరనీ అనుకుందాం. అప్పుడు 20 బృందాలవుతాయి. ల్యాబు చూసుకునే ఉపాధ్యాయుడు తన మిగతా పీరియడ్ల మధ్య వారానికి రెండు విడతలు నడపగలిగితే, ఒక బృందానికి మళ్లీ వంతు వచ్చేది పది వారాలకు. సెలవులు, పరీక్షలు పోగా ఏడాదికి మూడు సార్లు, విడతకు గంటన్నర చొప్పున నాలుగున్నర గంటలు. ముగ్గురికి ఒక కిట్ ఇస్తే పిల్లవాడి చేతిలో కిట్ ఉండేది అందులో మూడో వంతు. ఏడాది మొత్తానికి గంటన్నర! రోబోటిక్స్ విస్తరణను కొలవాల్సిన అసలు కొలబద్ద ఈ గంటలేనని నా అభిప్రాయం. ఎన్ని ల్యాబులు పెట్టామన్నది ఖర్చు చెబుతుంది. ఒక్కో పిల్లవాడికి ఎన్ని గంటలు దక్కాయన్నది చదువు చెబుతుంది.

గంటలు ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే, ఈ రంగంలో అందరూ మొదట చేయించే లైన్ ఫాలోయర్ బండిని దగ్గర నుంచి చూడాలి. తెల్ల చార్టు మీద నల్ల ఇన్సులేషన్ టేపు అంటించి, ఆ గీత వెంట బండి దానంతటదే వెళ్లేలా చేయడం పని. బండి ముందు భాగాన రెండు ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్లు ఉంటాయి, అవి కంటికి కనిపించని కిరణాలను కిందికి పంపుతాయి. తెల్ల చార్టు ఆ కిరణాలను వెనక్కి పంపుతుంది, నల్ల టేపు పీల్చుకుంటుంది. ఆ తేడాను బట్టి ఎడమ మోటారు తిరగాలో, కుడి మోటారు తిరగాలో ఆర్డ్యూనో అనే చిన్న కంప్యూటర్ బోర్డు నిర్ణయిస్తుంది. చెప్పుకోవడానికి ఇంతే. చేయబోతే, గదిలో చక్కగా నడిచిన బండి వరండాలోకి తేగానే గీత వదిలేసి పక్కకు పోతుంది, ఎందుకంటే ఎండలోనూ ఇన్‌ఫ్రారెడ్ కిరణాలుంటాయి, సెన్సార్ వాటిని చూసి పొరబడుతుంది. సెన్సార్ మీది చిన్న స్క్రూను కొద్దికొద్దిగా తిప్పుతూ సరిచేసుకోవాలి. మరో జట్టు బండి స్విచ్ వేయగానే ఒక కుదుపు ఇచ్చి ఆగిపోతుంది, మళ్లీ మొదలై మళ్లీ ఆగుతుంది. ప్రోగ్రాంలో తప్పేమీ ఉండదు. తొమ్మిది వోల్టుల చిన్న బ్యాటరీ మోటార్లకు కావలసినంత కరెంటు ఇవ్వలేక వోల్టేజీ పడిపోతుంది, దాంతో బోర్డు రీసెట్ అవుతుంది. పెన్సిల్ సెల్స్ కొన్ని కలిపి పెడితేనో, రీచార్జ్ చేసుకునే లిథియం సెల్స్ వాడితేనో ఆ బాధ పోతుంది.

ఈ రెండు వైఫల్యాల్లోనే హైస్కూలు భౌతికశాస్త్రం ఎంతో ఉంది. కాంతి పరావర్తనం, వోల్టేజీకి కరెంటుకు ఉన్న సంబంధం, ఒక్కసారికి ఒక్కటే మార్చి ఫలితం చూడాలన్న ప్రయోగ పద్ధతి పిల్లలకు అక్కడ వంటబడతాయి. కానీ అందుకు వారికి విఫలం కావడానికి సమయం కావాలి. 45 నిమిషాల పీరియడ్‌లో కిట్లు బయటికి తీసి పంచడానికి పది నిమిషాలు, లెక్కపెట్టి తిరిగి సర్దడానికి పది నిమిషాలు పోతే మిగిలేది 25 నిమిషాలు. ఆ కాస్త సమయంలో ఏ ఉపాధ్యాయుడైనా చేయగలిగేది తాను చేసి చూపించడమే. పిల్లలు చుట్టూ నిలబడి చూస్తారు, చప్పట్లు కొడతారు, ఫొటో దిగుతారు. కోటి మంది లెక్కలో వాళ్లూ చేరతారు.

సమయాన్ని తినేసేది టైం టేబుల్ ఒక్కటే కాదు. ప్రభుత్వ సొమ్ముతో వచ్చిన వస్తువు స్టాక్ రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. పోయినా, కాలిపోయినా సంతకం పెట్టిన ప్రధానోపాధ్యాయుడు జవాబు చెప్పాలి. రెండు మూడేళ్లలో పదవీ విరమణ చేయబోయే హెచ్ఎం ఆడిట్ అభ్యంతరానికి భయపడి బీరువాకు తాళం వేస్తే ఆయన్ను తప్పుపట్టడం న్యాయం కాదు. వ్యవస్థ ఆయనకు నేర్పిన జాగ్రత్త అది. పిల్లలు నేర్చుకునే క్రమంలో మోటార్లకు కరెంటు అందించే ‘మోటారు డ్రైవర్’ సర్క్యూట్ కాలుతుంది, జంపర్ వైర్లు తెగుతాయి, సెన్సార్లు పాడవుతాయి. కెమిస్ట్రీ ల్యాబులో ఆమ్లం ఖర్చయితే ఎవరూ సంజాయిషీ అడగరు. కొన్ని పదుల రూపాయల సెన్సారునూ, కొన్ని వందల రూపాయల ఆర్డ్యూనో తరహా బోర్డునూ అలాగే ఖర్చయ్యే సామగ్రి కింద రాసుకోవచ్చని పై నుంచి స్పష్టమైన ఉత్తర్వు ఇస్తే, పెద్దగా డబ్బు పెట్టకుండానే ఎన్నో బీరువాలు తెరుచుకుంటాయి. ఐదేళ్ల నిర్వహణ గ్రాంటు ముగిసిన తర్వాత ఈ చిల్లర సామగ్రికి డబ్బు ఎక్కడి నుంచి రావాలో కూడా ల్యాబు ప్రారంభమైన నాడే తేలాలి.

ఖరీదు గురించి మరో మాట. 2005లో ఇటలీలోని ఇవ్రియాలో పుట్టిన ఆర్డ్యూనో ఓపెన్ హార్డ్‌వేర్ కావడం వల్ల దాని నమూనాను ఎవరైనా తయారుచేయవచ్చు, అందుకే ధర తగ్గింది. ఒకే కంపెనీ కిట్‌పై ఆధారపడితే ఏమవుతుందో లెగో మైండ్‌స్టార్మ్స్ చూపించింది: 1998లో వచ్చి ప్రపంచమంతటా తరగతి గదుల్లోకి చేరిన ఆ కిట్ల తయారీని 2022 చివర్లో కంపెనీ ఆపేసింది. 50 వేల పాఠశాలలకు కొనబోయే ప్రభుత్వం విడి భాగాలు జిల్లా కేంద్రంలోని ఎలక్ట్రానిక్స్ దుకాణంలోనూ దొరికే సామగ్రినే ఎంచుకోవాలి.

మిచిగన్ చేసిన పని

రోబోటిక్స్ విస్తరణలో సుదీర్ఘ అనుభవం ఉన్నది పిల్లలకు రోబో పోటీలు నడిపే అమెరికాలోని ‘ఫస్ట్’ సంస్థకు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాల్లో చాలామందికి ఈ పేరు పరిచయమే. ఆవిష్కర్త డీన్ కేమెన్ 1989లో దీన్ని స్థాపించారు. ఎంఐటీ ఆచార్యుడు వుడీ ఫ్లవర్స్ పోటీల రూపకల్పనలో ఆయనకు తోడు నిలిచారు. 1992లో న్యూహ్యాంప్‌షైర్‌లోని ఒక హైస్కూలు జిమ్నాజియంలో 28 జట్లతో మొదటి పోటీ జరిగింది. హైస్కూలు పిల్లలు వృత్తి ఇంజినీర్లతో కలిసి, 50 కిలోలు దాటే బరువున్న రోబోను కొన్ని వారాల్లో తయారుచేసి పోటీకి తెస్తారు. గంటల కొలబద్దతో చూస్తే దీన్ని మించిన కార్యక్రమం లేదు, ఆ వారాల్లో పిల్లలు సాయంత్రాలూ శనివారాలూ వర్క్‌షాపులోనే గడుపుతారు. కానీ జట్టు నమోదుకే వేల డాలర్లు, దానిపై సామగ్రి, ప్రయాణం, హోటల్ ఖర్చులు. కంపెనీల అండ, ఇంజినీర్లైన తల్లిదండ్రులు ఉన్న చోట్ల జట్లు పుట్టుకొస్తాయి. లేనిచోట పుట్టవు.

2009లో మిచిగన్ రాష్ట్రం దీన్ని మరోలా నడిపించింది. అంతకు ముందు ఒక నమోదు రుసుముకు ఒకే ప్రాంతీయ పోటీ, అదీ పెద్ద స్టేడియంలో. మిచిగన్ నిర్వాహకులు స్టేడియాలు వదిలి హైస్కూలు జిమ్నాజియంలకు వచ్చారు, రాష్ట్రాన్ని చిన్న చిన్న పోటీలుగా పంచారు, అదే రుసుముకు రెండు పోటీల్లో ఆడే వీలు కల్పించారు. ప్రయాణం తగ్గింది, జట్టు ఆడే మ్యాచులు పెరిగాయి, మొదటి పోటీలో బయటపడిన లోపాన్ని సరిచేసుకుని రెండోదానికి వచ్చే అవకాశం పిల్లలకు దక్కింది. ఆ తర్వాతి సంవత్సరాల్లో రాష్ట్ర ప్రభుత్వం పాఠశాల జట్లకు గ్రాంట్లు మొదలుపెట్టింది, అందులో జట్టును నడిపించే పెద్దలకు గౌరవ వేతనం ఇచ్చే వెసులుబాటు కూడా పెట్టింది. డెట్రాయిట్ చుట్టుపక్కల వాహన పరిశ్రమ ఇంజినీర్లు ఉండటం మిచిగన్‌కు కలిసివచ్చిన మాట నిజమే. అయినా, హైస్కూలు స్థాయి ఫస్ట్ జట్లు అమెరికాలో అన్నిటికంటే ఎక్కువగా, 500 పైచిలుకు, ఆ రాష్ట్రంలోనే ఉండటానికి పరిశ్రమ ఒక్కటే కారణం కాదు. రోబో ధర వాళ్లు తగ్గించలేదు. దూరం తగ్గించారు, పిల్లల గంటలు పెంచారు, ఉపాధ్యాయుడి శ్రమకు విలువ కట్టారు.

మన జిల్లాలకు ఇందులో నేరుగా పనికొచ్చేది పోటీలను దగ్గరికి తేవడం. రాష్ట్ర స్థాయి పోటీకి హైదరాబాదుకో విజయవాడకో ముగ్గురు పిల్లల్ని ఎంపిక చేసి పంపితే ఆ ముగ్గురే నేర్చుకుంటారు. మండల కేంద్రంలోని హైస్కూలు హాల్లో చార్టుల మీద గీతలు గీసి, చుట్టుపక్కల పది బడుల పిల్లల చేత బండ్లు పరుగెత్తిస్తే రెండు వందల మంది చేతులు కదులుతాయి.

కేరళ ఎంచుకున్న దారి

పోటీ, ప్రత్యేక ల్యాబు అన్న రెండు పద్ధతులకూ భిన్నంగా కేరళ పాఠ్యపుస్తకం దారి పట్టింది. 2025-26 విద్యా సంవత్సరం నుంచి పదో తరగతి ఐసీటీ (సమాచార సాంకేతికత) పుస్తకంలో రోబోటిక్స్‌ను అందరికీ తప్పనిసరి చేసింది. ఇది సుమారు 4.3 లక్షల మంది పిల్లలకు సంబంధించిన నిర్ణయం. ఇందుకోసం పాఠశాలలకు 29 వేల కిట్లు అందించారు. ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్‌తో, చెప్పిన కోణానికి తిరిగే సర్వో మోటారుతో చేయి పెట్టగానే దానంతటదే శానిటైజర్ పోసే పరికరం తయారుచేయడం అందులోని తొలి అభ్యాసాల్లో ఒకటి. నాలుగు లక్షల పైచిలుకు పిల్లలకు 29 వేల కిట్లంటే పదిహేను మందికి ఒకటి వస్తుంది. తరగతులు వంతులవారీగా వాడుకుంటే ఇది సరిపోయే సంఖ్యే.

ఈ నిర్ణయాన్ని చూసి రేపే మనమూ పుస్తకంలో ఒక పాఠం చేరుద్దామనుకునేవారు దాని వెనకున్న ఏళ్లను కూడా చూడాలి. ఈ పనిని నడిపించే ‘కైట్’ అనే కేరళ ప్రభుత్వ సంస్థకు మూలం 2001 నాటి ‘ఐటీ@స్కూల్’ పథకం. 2018లో ‘లిటిల్ కైట్స్’ పేరుతో రెండు వేలకు పైగా హైస్కూళ్లలో విద్యార్థుల ఐటీ క్లబ్బులు మొదలయ్యాయి. 2022 చివర్లో ముందుగా ఆ క్లబ్బులకే తొమ్మిది వేల రోబోటిక్ కిట్లు ఇచ్చారు. అంటే పాఠం పుస్తకంలోకి వచ్చేనాటికి ఆ బడుల్లో కిట్‌ను అప్పటికే విప్పి బిగించిన పిల్లలు కొందరు, వారితో కలిసి పనిచేసిన ఉపాధ్యాయులు కొందరు ఉన్నారు. అక్కడ తరగతిలో పరికరం పనిచేయకపోతే చూడటానికి క్లబ్బు విద్యార్థి ఒకరు దగ్గరలోనే ఉంటారు. పాఠం రాయడం నెలల పని, ఈ మనుషులు తయారు కావడం ఏళ్ల పని.

పాఠ్యపుస్తకం దారిలో ఒక ప్రమాదమూ ఉంది. పరీక్షలో మార్కులున్న అంశమయ్యేసరికి, ‘సెన్సార్ అనగానేమి’ అన్న రెండు మార్కుల ప్రశ్నకు జవాబు బట్టీపట్టించే అలవాటు మన బడుల్లోకి సులువుగా వచ్చేస్తుంది. కాబట్టి మూల్యాంకనం ప్రాజెక్టు రూపంలో, పిల్లవాడు చేసి చూపించిన దాని మీదే ఉండాలి.

తెలుగు రాష్ట్రాల్లో ఎక్కడ మొదలుపెట్టవచ్చు

మన రెండు రాష్ట్రాల్లో ప్రత్యేక ప్రయోగశాల లేని బడికి విజ్ఞాన సామగ్రిని చేర్చిన అనుభవం కొత్తది కాదు. కుప్పం సమీపంలోని గుడుపల్లె వద్ద ప్రాంగణం ఉన్న అగస్త్య ఇంటర్నేషనల్ ఫౌండేషన్ 1999 నుంచి ఈ పనిలో ఉంది. సామగ్రితోపాటు బోధకుణ్ని కూడా వ్యానులో ఎక్కించి గ్రామీణ పాఠశాలలకు పంపడం దాని పద్ధతి. వస్తువుతోపాటు దాన్ని వాడటం తెలిసిన మనిషి కూడా వెళ్లాలన్నది ఆ పద్ధతిలోని అసలు బలం. రోబోటిక్స్‌కు దీన్ని అన్వయిస్తే, చుట్టుపక్కల బడులను ఒక సమూహంగా కలిపే స్కూల్ కాంప్లెక్సుకు ఒక ల్యాబు పెట్టి, ఆ ల్యాబు నుంచి పది కిట్ల పెట్టెను చుట్టూ ఉన్న ప్రాథమికోన్నత పాఠశాలలకు వంతులవారీగా తిప్పవచ్చు. కాంప్లెక్స్ సమావేశాలు ఎలాగూ జరుగుతూనే ఉంటాయి. అందులో ఒక పూట సైన్సు ఉపాధ్యాయులే స్వయంగా బండి కట్టి, స్వయంగా విఫలమై, సరిచేసుకోగలిగితే, వేసవిలో ఇచ్చే ఉపన్యాసాల శిక్షణ కంటే అది ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఎవరి సమయం ఖాళీగా ఉందన్నది మరో ప్రశ్న. పదో తరగతిని ఇందులోకి లాగడం మన దగ్గర కష్టం. దసరా దాటిన దగ్గర నుంచి ఉదయం, సాయంత్రం ప్రత్యేక తరగతులు మొదలవుతాయి, భౌతికశాస్త్రం స్కూల్ అసిస్టెంట్ వాటిలోనే మునిగిపోతారు. ఏడు, ఎనిమిది తరగతులు, అదీ జూలై నుంచి నవంబరు దాకా, ఈ పనికి అనువైన కాలం. బడి వదిలాక క్లబ్బు నడపాలన్న ఆలోచన పట్టణాల్లో కుదరవచ్చు గానీ, నాలుగున్నర బస్సు తప్పితే ఇంటికి చేరలేని ఆడపిల్లలున్న పల్లె బడిలో అది మొదటి వారమే సగం మందిని బయట వదిలేస్తుంది. బడి వేళల్లోనే వరుసగా రెండు పీరియడ్లు కేటాయించాలని అడగడం అందుకే.

గురుకులాల సంగతి వేరు. 1971లో అప్పటి నల్గొండ జిల్లా సర్వేల్‌లో మొదలైన గురుకుల విద్య ఇవాళ రెండు రాష్ట్రాల్లోనూ వందలాది విద్యాలయాలుగా విస్తరించింది. కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలు వీటికి అదనం. అక్కడ పిల్లలకు సాయంత్రాలున్నాయి, ఆదివారాలున్నాయి, బస్సు భయం లేదు. నిరుపేద కుటుంబాల నుంచి, షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన తరగతుల నుంచి వచ్చిన పిల్లలే అక్కడ ఎక్కువ. కిట్‌కు గంటలు కలిసే చోటు వెతికితే గురుకులమే ముందు కనిపిస్తుంది. కొత్త ల్యాబుల కేటాయింపులో వీటికి మొదటి వరుస దక్కాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

ఆడపిల్లల విషయంలో ఇంకో జాగ్రత్త అవసరం. ముగ్గురు కలిసి చేసే జట్టులో స్క్రూడ్రైవర్ ఒక అబ్బాయి చేతిలోకి, ల్యాప్‌టాప్ ఇంకో అబ్బాయి ముందుకు, నోట్సు అమ్మాయి దగ్గరికి చేరడం ఎవరూ చెప్పకుండానే జరిగిపోతుంది, ఎందుకంటే ఆమె చేతిరాత బాగుంటుంది. పది నిమిషాలకోసారి పనులు మార్చుకోవాలన్న నియమం పెడితే ఇది మారుతుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఫస్ట్ కార్యక్రమాల్లో పాల్గొన్నవారిని బ్రాండైస్ విశ్వవిద్యాలయ పరిశోధకులు ఏళ్ల తరబడి అనుసరించి చేసిన అధ్యయనంలో, సైన్సు, ఇంజినీరింగ్ పట్ల ఆసక్తి పెరగడం అమ్మాయిల్లో మరింత బలంగా కనిపించింది.

ఇక మిగిలింది మార్గదర్శకుల కొరత. అటల్ మిషన్‌లో ‘మెంటార్స్ ఆఫ్ ఛేంజ్’ పేరుతో స్వచ్ఛందంగా వారానికి ఒకటి రెండు గంటలు ఇచ్చే వృత్తి నిపుణుల ఏర్పాటు ఉంది. ఇది మంచి ఏర్పాటే గానీ, అలాంటి నిపుణులు ఎక్కువగా నగరాల్లో ఉంటారు, కొత్త ల్యాబులు రావలసింది మండలాల్లో. ఆ మండలాలకు దగ్గరగా ఉన్నది 2008లో మొదలైన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయం. బాసర, నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం క్యాంపస్‌లలో చదివే పిల్లల్లో అత్యధికులు ప్రభుత్వ పాఠశాలల నుంచి, పల్లెల నుంచి వచ్చినవారే. తాము చదివిన బడికి సెమిస్టర్‌లో నాలుగైదు శనివారాలు వెళ్లి ఏడో తరగతి పిల్లలతో కూర్చుంటే ఆ పనికి క్రెడిట్లు, దారి ఖర్చులు ఇచ్చే ఏర్పాటు విశ్వవిద్యాలయమూ పాఠశాల విద్యాశాఖా కలిసి చేయవచ్చు. బ్యాటరీ ఎందుకు సరిపోవడం లేదో తెలుగులో విడమర్చి చెప్పగలిగిన ఇరవై ఏళ్ల అక్క ఒకరు నెలకోసారైనా వస్తారని తెలిస్తే, ల్యాబు నడిపే ఉపాధ్యాయుడికీ ధైర్యం వస్తుంది.

50 వేల ల్యాబుల మార్గదర్శకాల్లో రెండు షరతులు చేరిస్తే వీటిలో చాలావరకు దారిన పడతాయి. గ్రాంటులో కొంత భాగాన్ని వస్తువులకు కాక మనుషులకు, అంటే ల్యాబు చూసే ఉపాధ్యాయుడి గౌరవ వేతనానికి, వచ్చి నేర్పే విద్యార్థుల ప్రయాణ ఖర్చులకు, కచ్చితంగా విడిగా ఉంచాలి. ప్రతి ల్యాబు ఏటా పంపే నివేదికలో ఎంతమంది వచ్చారన్న గడి పక్కనే, తరగతివారీగా, బాలబాలికల వారీగా ఒక్కొక్కరు ఎన్ని గంటలు పనిచేశారన్న గడి కూడా ఉండాలి, తర్వాతి సంవత్సరం నిర్వహణ నిధులు ఆ రెండో గడిని చూసి విడుదల కావాలి.